అమెరికాలో తక్కువ వేతన శ్రమ: జాతి అసమానతలు

అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో కోడిమాంసం ప్లాంట్లలో కత్తి పట్టుకుని నిలబడేవాళ్లు, ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి స్నానం చేయించి మందులిచ్చే సహాయకులు, హోటల్ గదులు శుభ్రం చేసేవాళ్లు, స్ట్రాబెర్రీ తోటల్లో నడుం వంచి పళ్లు కోసేవాళ్లు, ఆఫీసు భవనాలను రాత్రిళ్లు తుడిచేవాళ్లు ఎవరని చూస్తే, నల్లజాతివారు, లాటినోలు, ఈమధ్య వచ్చిన వలసదారులు జనాభాలో తమ వాటాను మించి కనిపిస్తారు. తలలు లెక్కపెడితే తక్కువ జీతాలవాళ్లలో తెల్లవారూ కోట్లలో ఉన్నారు. ఆ జీతాల దగ్గరే ఆగిపోయే ప్రమాదం మాత్రం నల్ల, లాటినో కార్మికులకు చాలా ఎక్కువ. పూర్తికాలం పనిచేసేవారి మధ్యస్థ వారాదాయం చూస్తే, ఇటీవలి సంవత్సరాల్లో తెల్లవారికి 100 డాలర్లు వచ్చేచోట నల్లవారికి 80 డాలర్ల చిల్లర, లాటినోలకు అంతకన్నా కొంచెం తక్కువ వస్తోంది. నల్లవారి నిరుద్యోగ రేటు 1970ల నుంచి దాదాపు ఎప్పుడూ తెల్లవారి రేటుకు రెట్టింపు దరిదాపుల్లోనే ఉంటూ వస్తోంది. మంచి రోజుల్లో రెండు రేట్లూ తగ్గుతాయి, చెడ్డ రోజుల్లో రెండూ పెరుగుతాయి, మధ్యలో ఆ నిష్పత్తి మాత్రం మొండిగా నిలబడి ఉంటుంది.

దీనికి చదువు తక్కువనీ, నైపుణ్యం లేదనీ, కొత్తగా వచ్చినవాళ్లనీ, భాష రాదనీ కారణాలు చెబుతారు. వాటిలో కొంత నిజముంది. కానీ ఒకే డిగ్రీ ఉన్న నల్లవారికీ తెల్లవారికీ మధ్య కూడా జీతం తేడా ఉంది. పైగా కొన్ని పనులు ఎందుకు చవకయ్యాయో ఆ కారణాలు చెప్పలేవు. వృద్ధురాలిని మంచం మీంచి లేపి కూర్చోబెట్టడానికి బలమూ కావాలి, ఓర్పూ కావాలి, తెలివీ కావాలి. ఆ పని విలువ తక్కువ కాబట్టి దాని జీతం తగ్గలేదు. ఆ పని ఎవరి చేతుల్లో ఉందో చూసి, కార్మిక చట్టాలు దాన్ని దశాబ్దాలపాటు బయట నిలబెట్టాయి. అమెరికా తక్కువ వేతన శ్రమ చరిత్రను దగ్గరగా చదివితే తేలేది ఇదే.

బానిసత్వం పోయిన తర్వాత

1865లో పదమూడో రాజ్యాంగ సవరణ బానిసత్వాన్ని రద్దు చేసింది, నేరానికి శిక్షగా తప్ప అన్న మినహాయింపుతో. అదే సంవత్సరం మొదలుకొని దక్షిణాది రాష్ట్రాలు ‘బ్లాక్ కోడ్స్’ పేరుతో చట్టాలు తెచ్చాయి. నల్లవారు ప్రతి జనవరిలో తాము ఎవరి దగ్గర పనిచేస్తున్నారో రాతపూర్వకంగా చూపాలని మిసిసిపి శాసించింది. సౌత్ కరోలినాలో నల్లవాడు పొలం పనీ ఇంటి చాకిరీ కాక మరే వృత్తిలోకి వెళ్లాలన్నా లైసెన్సుకు డబ్బు కట్టాలి. పనిలేకుండా తిరిగితే దేశదిమ్మరి కింద అరెస్టు, జరిమానా కట్టలేకపోతే ఆ జరిమానా కట్టిన భూస్వామి దగ్గర చాకిరీ. ఖైదీలను గనులకూ రైలుమార్గాలకూ తోటలకూ కిరాయికిచ్చే పద్ధతి దక్షిణాది ఖజానాలకు ఆదాయమైంది. రాష్ట్రస్థాయిలో దాన్ని ఆఖరున, 1928లో, మానుకున్నది అలబామా.

పొలాల్లో పంట వాటా సాగు వచ్చింది. భూమి యజమానిది, విత్తనమూ ఎరువూ తిండిగింజలూ అప్పు మీద అతని కొట్లోంచే, పద్దు రాసేదీ అతనే. ఏడాది చివర లెక్క చూస్తే కుటుంబానికి అప్పే మిగిలేది. వాటాసాగులో తెల్లవారూ చాలామంది చితికిపోయారు. కానీ కోర్టుకెక్కే హక్కు కాగితం మీదే మిగిలినవాళ్లు, పద్దును ప్రశ్నిస్తే ప్రాణం మీదికొచ్చేవాళ్లు నల్లవారే.

పట్టణాల్లో నల్లజాతి స్త్రీలకు దొరికిన పని వంట, పిల్లల పెంపకం, బట్టలుతకడం. జార్జియా రాష్ట్రంలోని అట్లాంటాలో 1881 జులైలో ఇరవై మంది చాకలి స్త్రీలు ఒక సంఘం పెట్టుకుని, డజను పౌన్ల బట్టలకు ఒక డాలరు రేటు అడుగుతూ సమ్మె మొదలుపెట్టారు. కొన్ని వారాల్లోనే ఆ సంఖ్య సుమారు 3,000కు చేరింది. వారి మీద ఏడాదికి 25 డాలర్ల లైసెన్సు ఫీజు వేస్తామని నగర పాలకులు బెదిరించారు. ఫీజు కడతాం, మా రేటు మాత్రం మేమే నిర్ణయిస్తామని ఆ స్త్రీలు తిరిగి జవాబిచ్చారు. బానిసత్వం పోయి పదహారేళ్లయినా కాలేదు. తక్కువ కూలివాళ్లు నోరులేనివాళ్లని అనుకునేవారు ఈ సమ్మె గురించి తప్పక తెలుసుకోవాలి.

చట్టం గీసిన గీత

1930ల మాంద్యంలో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ప్రభుత్వం మూడు పెద్ద చట్టాలు తెచ్చింది. 1935లో వృద్ధాప్య పింఛను ఇచ్చే సామాజిక భద్రతా చట్టం, అదే ఏడు సంఘం పెట్టుకునే హక్కునిచ్చే వాగ్నర్ చట్టం, 1938లో కనీస వేతనాన్నీ ఓవర్‌టైమునూ నిర్ణయించిన న్యాయమైన శ్రమ ప్రమాణాల చట్టం. తొలి కనీస వేతనం గంటకు 25 సెంట్లు. అమెరికా మధ్యతరగతిని నిలబెట్టినవి ఈ చట్టాలేనని పాఠ్యపుస్తకాలు చెబుతాయి, అది నిజం కూడా. కానీ పొలం పనివాళ్లకూ ఇంటి పనివాళ్లకూ ఈ మూడింటిలో దేనిలోనూ చోటు లేదు.

అప్పటి నల్లవారి జీవనం చూస్తే ఆ మినహాయింపు ఎంత పెద్దదో తెలుస్తుంది. 1940 జనాభా లెక్కల నాటికి పనిచేసే నల్లజాతి స్త్రీలలో ప్రతి పదిమందిలో సుమారు ఆరుగురు ఇళ్లల్లో పనివాళ్లు. దక్షిణాదిలో నల్లజాతి పురుషులకు ప్రధాన ఆధారం సేద్యం. సామాజిక భద్రత తొలి రూపంలో నల్లజాతి కార్మికుల్లో మూడింట రెండు వంతుల మంది బయట ఉండిపోయారని అంచనా. నల్లవారి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ తరఫు న్యాయవాది చార్లెస్ హ్యూస్టన్ 1935లో సెనెట్ కమిటీ ముందు నిలబడి, ఈ బిల్లు నల్లవారిలో అత్యధికులు జారిపోయేంత కంతలున్న జల్లెడ అని చెప్పాడు. కమిటీ విన్నది, బిల్లు మారలేదు.

ఇది ఉద్దేశపూర్వకమా అన్న దాని మీద చరిత్రకారుల్లో వాదం ఉంది. కాంగ్రెస్ కమిటీలు దక్షిణాది డెమొక్రాట్ల చేతుల్లో ఉండేవనీ, వాళ్ల ఓట్లు లేకుండా ఏ చట్టమూ గట్టెక్కేది కాదనీ, తమ పొలాల్లో కూలిరేటును వాషింగ్టన్ నిర్ణయించడం వాళ్లకు ఇష్టం లేదనీ ఐరా కాట్జ్‌నెల్సన్ వంటివారు చూపించారు. చెల్లాచెదురుగా ఉన్న ఇళ్ల నుంచీ పొలాల నుంచీ పన్ను వసూలు కష్టమనే పాలనాపరమైన కారణం చాలని, బయట మిగిలినవారిలో సంఖ్యాపరంగా ఎక్కువమంది తెల్లవారేనని లారీ డెవిట్ వాదించాడు. రెండో వాదనలోని లెక్క సరైనదే. అయితే పొలం కూలీలను కనీస వేతనం నుంచి తప్పించడానికి పన్ను వసూలు చిక్కు కారణం కాలేదు. సంఘం పెట్టుకునే హక్కుకైతే వసూలుతో సంబంధమే లేదు. మూడు వేర్వేరు చట్టాల్లో గీత ఒకేచోట పడిందంటే, ఆ గీత వెనక ఉన్న శక్తి ఏదో వెతకడానికి ఎక్కువ దూరం పోనక్కర్లేదు.

సామాజిక భద్రత 1950లలో పొలం పనివాళ్లకూ ఇంటి పనివాళ్లకూ విస్తరించింది. కనీస వేతనం కోసం ఇంకా ఆగాల్సి వచ్చింది.

1966 సవరణ నేర్పింది

1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో జరిగిన మహా ప్రదర్శన మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగంతో ప్రపంచానికి గుర్తుంది. దాని పూర్తిపేరులో స్వేచ్ఛ కన్నా ముందు ‘ఉద్యోగాలు’ ఉంది. గంటకు రెండు డాలర్ల కనీస వేతనం ఇవ్వాలని, బయట ఉన్న రంగాలన్నిటినీ చట్టంలోకి తేవాలని ఆ ప్రదర్శన కోరింది. దాని వెనకున్న పెద్ద దిక్కు ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ రైళ్లలో పనిచేసే నల్లజాతి పోర్టర్ల సంఘం నాయకుడు. 1941లోనే ఇలాంటి ప్రదర్శన చేస్తామని హెచ్చరించి, యుద్ధ పరిశ్రమల్లో జాతి వివక్షను నిషేధించే ఉత్తర్వును రూజ్‌వెల్ట్ చేత ఇప్పించినవాడు.

1964 పౌరహక్కుల చట్టం ఉద్యోగాల్లో వివక్షను నిషేధించింది. ఆ తర్వాత రెండేళ్లకు వచ్చిన శ్రమ ప్రమాణాల చట్ట సవరణకు అంత పేరు రాలేదు. ఆ సవరణ 1967 ఫిబ్రవరి నుంచి ఆసుపత్రులు, వృద్ధాశ్రమాలు, పాఠశాలలు, హోటళ్లు, రెస్టారెంట్లు, లాండ్రీలు, పెద్ద కమతాల మీద పనిచేసేవారిని కనీస వేతనం కిందికి తెచ్చింది. ఈ రంగాల్లో దేశ శ్రామికుల్లో ఐదోవంతు మంది ఉంటే, నల్లజాతి శ్రామికుల్లో మాత్రం దాదాపు మూడోవంతు ఉన్నారు. ఎలోరా డెరెనాన్‌కూర్, క్లేర్ మోంటియలూ అనే ఆర్థికవేత్తలు 2021లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది ఇది: 1960ల చివర, 70ల మొదట్లో నల్ల, తెల్లవారి ఆదాయాల మధ్య అంతరం తగ్గడంలో ఐదోవంతుకు పైగా ఈ ఒక్క సవరణ వల్లే వచ్చింది. దానివల్ల నల్లవారి ఉద్యోగాలు చెప్పుకోదగినంతగా పోయిన దాఖలా వాళ్లకు కనిపించలేదు. జాతి పేరెత్తని చట్టం జాతుల మధ్య అంతరాన్ని ఇంతగా తగ్గించిందంటే, అంతకు ముందు అదే చట్టం లేకపోవడం ఎంత చేటు చేసిందో ఊహించుకోవచ్చు.

పొలం కూలీలకు ఆ సవరణ కూడా సగమే మేలు చేసింది. చిన్న కమతాలు బయటే ఉండిపోయాయి, ఉన్నవాటికి రేటు తక్కువ పెట్టారు. మిగతావారితో సమాన రేటు 1978లో వచ్చింది. ఓవర్‌టైము హక్కు ఫెడరల్ చట్టంలో నేటికీ లేదు.

కాగితం మీద చట్టం మారిన ఏడాదికి టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్‌లో ఏం జరిగిందో చూడాలి. 1968 ఫిబ్రవరి 1న వానకు చెత్తబండి వెనక తలదాచుకున్న ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ అనే ఇద్దరు పారిశుధ్య కార్మికులను ఆ బండిలోని చెత్త నొక్కే యంత్రం నలిపి చంపేసింది. పదకొండు రోజుల తర్వాత సుమారు 1,300 మంది నల్లజాతి కార్మికులు పని మానేశారు. పూర్తికాలం పనిచేసినా వాళ్లలో చాలామందికి ప్రభుత్వ సహాయానికి అర్హత ఉండేంత తక్కువ జీతం. తాము మనుషులమని రాసిన అట్టలు మెడలో వేసుకుని నడిచారు. వాళ్లకు అండగా వచ్చిన కింగ్‌ను ఏప్రిల్ 4న అక్కడే కాల్చి చంపారు. ఏప్రిల్ 16న నగరం సంఘాన్ని గుర్తించింది. కింగ్ ప్రాణం పోయింది జీతం కోసం, పనిలో భద్రత కోసం జరిగిన సమ్మెలోనని చెప్పేవారు తక్కువ. అందుకే ఇక్కడ ప్రత్యేకంగా రాయాల్సి వచ్చింది.

ఇళ్లలోపలి పని

ఇంటి పనివాళ్లకు కనీస వేతనం 1974 దాకా రాలేదు. మాంద్యం రోజుల్లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ వీధి మూలల్లో నల్లజాతి స్త్రీలు సంచీలు పట్టుకుని నిలబడితే, గృహిణులు వచ్చి గంటకు కొన్ని సెంట్ల చొప్పున బేరమాడి తీసుకుపోయేవారు. ఎల్లా బేకర్, మార్వెల్ కుక్ 1935లో ఆ మూలల దగ్గర స్వయంగా నిలబడి చూసి, ‘ది క్రైసిస్’ పత్రికలో దాన్ని బానిసల సంతగా వర్ణించారు. హైదరాబాదులోనో విజయవాడలోనో తెల్లవారుజామున కూలీల అడ్డా చూసినవారికి ఆ దృశ్యం వేరే వివరించనక్కర్లేదు. అట్లాంటాలో 1968లో డొరతీ బోల్డెన్ అనే ఇంటి పనిమనిషి, సిటీ బస్సుల్లో పనికి వెళ్లే స్త్రీలతో మాట్లాడుతూ మాట్లాడుతూ వాళ్లనొక సంఘంగా కూడగట్టింది. ఇంటి పనివాళ్లకు సంఘం అసాధ్యమని చెప్పిన కాలంలో ఆ పని బస్సు సీట్లలో జరిగింది.

1974 సవరణ వచ్చాక కూడా ఒక కంత మిగిలింది. ముసలివారికీ రోగులకూ ‘తోడు’గా ఉండేవాళ్లకు కనీస వేతనం, ఓవర్‌టైము అక్కర్లేదని మినహాయింపు పెట్టారు. పొరుగింటి పిల్ల వచ్చి కాసేపు కూర్చోవడాన్ని ఊహించి రాసిన ఆ మాట కింద, ఏజెన్సీల తరఫున వారానికి అరవై డెబ్బై గంటలు పనిచేసే గృహ సంరక్షకులందరినీ నెట్టేశారు. జమైకా నుంచి వచ్చి న్యూయార్క్‌లో ఈ పని చేసిన ఎవలిన్ కోక్ తనకు రావాల్సిన ఓవర్‌టైము కోసం కోర్టుకెళితే, 2007లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆమెకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. ఒబామా ప్రభుత్వం 2013లో ఆ నిబంధన మార్చింది, 2015లో అమల్లోకి వచ్చింది. 2025 జులైలో కార్మిక శాఖ ఆ మార్పును వెనక్కి తీసుకునే ప్రతిపాదన పెట్టింది. దేశంలో ఇళ్లలో పనిచేసేవారు ఇరవై లక్షలకు పైనే. వారిలో పదింట తొమ్మిది మంది స్త్రీలు, సగానికి పైగా నల్ల, లాటినో, ఆసియా మూలాలవారు. అమెరికా వయసు పైబడుతున్న దేశం, వీళ్ల అవసరం ఏటా పెరుగుతోంది. అవసరం పెరిగితే ధర పెరగాలని అర్థశాస్త్రం చెబుతుంది. ఇక్కడ ధర చాలావరకు ప్రభుత్వ ఆరోగ్య పథకాలు చెల్లించే రేటును బట్టి ఉంటుంది. ఆ రేటు పెంచే ఓటు ఈ స్త్రీల చేతుల్లో లేదు.

పొలాల్లో వచ్చిపోయే మనుషులు

పశ్చిమ తీరంలో కూలిరేటు కథ చైనీయులతో మొదలవుతుంది. రైలుమార్గం వేసిన చైనా కూలీలు 1867లో తెల్లవారితో సమాన జీతం అడిగి సమ్మె చేస్తే, కంపెనీ వాళ్లకు తిండి సరఫరా ఆపేసి లొంగదీసింది. 1882లో చైనా కూలీల రాకనే చట్టం నిషేధించింది. ఆ తర్వాత జపనీయులు, పంజాబీలు, ఫిలిప్పీన్స్‌వాళ్లు, మెక్సికన్లు వంతులవారీగా పశ్చిమ తీరం పొలాల్లోకి దిగారు. 1907 సెప్టెంబరులో వాషింగ్టన్ రాష్ట్రం బెల్లింగ్‌హామ్‌లో తెల్ల కార్మికుల గుంపు, కూలి తగ్గిస్తున్నారన్న కోపంతో, రంపపు మిల్లుల్లో పనిచేసే భారతీయులను కొట్టి ఊరినుంచి తరిమింది. వాళ్లలో ఎక్కువమంది సిక్కులు. ఒక జాతి కార్మికులకు తక్కువ ఇచ్చి మరో జాతి కార్మికుల మీదికి వాళ్లను ఎగదొయ్యడాన్ని సామాజిక శాస్త్రవేత్త ఎడ్నా బొనాసిచ్ 1972లో ‘చీలిన శ్రమ మార్కెట్’ సిద్ధాంతంగా వివరించింది.

1942 నుంచి 1964 దాకా నడిచిన బ్రాసెరో పథకం కింద మెక్సికో నుంచి 45 లక్షలకు పైగా ఒప్పందాల మీద కూలీలు వచ్చారు. తొలి సంవత్సరాల్లో జీతంలో పదోవంతు పొదుపు పేరుతో కోసి మెక్సికోకు పంపారు. ఆ డబ్బు చాలామందికి ఎన్నడూ చేతికి రాలేదు. కాలిఫోర్నియా లెట్యూస్ పొలాల్లో పొట్టికాడ పార ఇచ్చి రోజంతా నడుం వంచి పని చేయించేవారు. నడుం ఎత్తినవాడు పని ఆపినట్టు మేస్త్రీకి దూరం నుంచే తెలిసిపోతుంది కాబట్టి ఆ పార యజమానులకు ఇష్టం. వెన్నుపూసలు అరిగిపోయిన కూలీల తరఫున పోరాడగా 1975లో రాష్ట్రం దాన్ని నిషేధించింది. అంతకు ముందు, 1965 సెప్టెంబరు 8న డెలానో ద్రాక్షతోటల్లో సమ్మె మొదలుపెట్టింది లారీ ఇట్లియాంగ్ నాయకత్వంలోని ఫిలిప్పీనో కూలీలు. సీజర్ చావెజ్, డొలొరెస్ హ్యుయెర్తాల మెక్సికన్ కూలీల సంఘం వారం తర్వాత కలిసింది. ఒక జాతి సమ్మె చేస్తే మరో జాతిని దించే పాత ఎత్తు అక్కడ చెల్లలేదు. 1970లో తోటల యజమానులు ఒప్పందాలు చేసుకున్నారు.

ఇప్పుడు హెచ్-2ఎ వీసాల మీద ఏటా మూడు లక్షలకు పైగా పొలం ఉద్యోగాలు భర్తీ అవుతున్నాయి. ఆ వీసా యజమానికి కట్టేసి ఉంటుంది. యజమాని మాన్పిస్తే దేశంలో ఉండే హక్కే పోతుంది. పంట కూలీల్లో సుమారు నలభై శాతం మంది కాగితాలు లేనివాళ్లని ఇటీవలి సర్వేలు చూపాయి. సంఘం పెట్టబోయినందుకు తీసేసిన కార్మికుడికి కాగితాలు లేకపోతే, పోయిన జీతం ఇప్పించనక్కర్లేదని 2002లో హాఫ్‌మన్ ప్లాస్టిక్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. చట్టం తోడులేని మనిషికి జీతం ఎగ్గొట్టడం ఎంత సులువో వేరే చెప్పాలా? ఎండదెబ్బ నుంచి కాపాడే జాతీయ నిబంధన కూడా ఇంతవరకు లేదు. స్థానిక ప్రభుత్వాలు అలాంటి నిబంధనలు పెట్టకుండా టెక్సస్ 2023లో, ఫ్లోరిడా 2024లో చట్టాలు చేశాయి.

మాంసం పరిశ్రమది మరో తోవ. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో నల్ల, తెల్ల కార్మికులు కలిసి నడిపిన సంఘాల బలంతో అది మంచి జీతాల పని. 1980లలో ప్లాంట్లు ఊళ్ల అవతలికి తరలాయి, సంఘాలు విరిగాయి, లాటినోలూ శరణార్థులూ ఆ లైన్లలోకి వచ్చారు. 2020 ఏప్రిల్, మే నెలల్లో 239 ప్లాంట్లలో 16,233 మందికి కోవిడ్ సోకి, 86 మంది చనిపోయారు. జాతి వివరం తెలిసిన కేసుల్లో 87 శాతం తెల్లవారు కానివారివి.

టిప్పు, తలుపు, జైలు

పుల్‌మన్ కంపెనీ అంతర్యుద్ధం తర్వాత తన రైలు పెట్టెల్లో విముక్తులైన నల్లవారిని పెట్టుకుని, జీతం నామమాత్రంగా ఇచ్చి ప్రయాణికుల టిప్పు మీద బతకమంది. రాండాల్ఫ్ సంఘం 1925లో పుట్టి 1937లో ఆ కంపెనీతో ఒప్పందం సాధించింది. టిప్పును జీతంగా లెక్కగట్టే ఆలోచన మాత్రం 1966 సవరణలోనే చట్టంలోకి ఎక్కింది. టిప్పులొచ్చే ఉద్యోగికి యజమాని ఇవ్వాల్సిన ఫెడరల్ కనీస జీతం 1991 నుంచి గంటకు 2.13 డాలర్లు. టిప్పు కలిపినా మామూలు కనీస వేతనం రాకపోతే తేడా యజమానే వెయ్యాలి, కానీ ఆ లెక్క అడిగే ధైర్యం వెయిటరుకు ఉండాలి. కాలిఫోర్నియా, మిన్నెసోటా సహా ఏడు రాష్ట్రాలు ఈ పద్ధతిని ఒప్పుకోవు.

ఉద్యోగం దొరకడం దగ్గరే జరిగే వివక్షను పరిశోధకులు నేరుగా పరీక్షించారు. మరియాన్ బెర్ట్రాండ్, సెంథిల్ ముల్లైనాథన్ బోస్టన్, షికాగోల్లో ఒకే రకం దరఖాస్తులకు తెల్లవారి పేర్లూ నల్లవారి పేర్లూ పెట్టి పంపితే, తెల్ల పేర్లకు 50 శాతం ఎక్కువ పిలుపులొచ్చాయి. 2004లో ప్రచురించిన అధ్యయనమది. దేవా పేజర్ మిల్వాకీలో చేసిన పరీక్ష మనసును మరీ కలిచివేస్తుంది. జైలు రికార్డు ఉందని చెప్పిన తెల్ల అభ్యర్థులకు 17 శాతం, ఏ రికార్డూ లేని నల్ల అభ్యర్థులకు 14 శాతం పిలుపులు. ఆ ఉద్యోగాలన్నీ పెద్ద చదువు అక్కర్లేని మొదటిమెట్టు ఉద్యోగాలే. చాలా పెద్ద కంపెనీలకు 83,000కు పైగా దరఖాస్తులు పంపిన ఇటీవలి పరిశోధనలో నల్ల పేర్లకు పిలుపులు రెండు శాతం బిందువుల మేర తక్కువ వచ్చాయి. వివక్ష కొద్ది కంపెనీల్లో బాగా గూడుకట్టుకుని ఉందని కూడా అది చూపింది. అంటే సరిదిద్దడం సాధ్యమేనన్నమాట.

జైలు లోపల పదమూడో సవరణ మినహాయింపు ఇంకా బతికే ఉంది. అలబామా, జార్జియా, టెక్సస్ సహా కొన్ని దక్షిణాది రాష్ట్రాల్లో ఖైదీలు చేసే చాలా పనులకు పైసా కూడా ఇవ్వరు. లూసియానాలోని అంగోలా జైలు ఒకప్పుడు బానిసలతో సాగు చేయించిన తోట. ఇప్పుడు అక్కడ ఖైదీలు పంటలు కోస్తారు.

సగటు దాచేసే మనుషులు

ఆసియన్ల సగటు ఆదాయం తెల్లవారికన్నా ఎక్కువ, అందులో భారతీయులది ఇంకా ఎక్కువ. సాఫ్ట్‌వేర్, వైద్య రంగాల్లో ఉన్న తెలుగువారికి ఇది తెలిసిన సంగతే. చదువు చూసి వీసా ఇచ్చే దేశంలో వచ్చినవారి సగటు అలా ఉండటంలో వింత లేదు. ఆ సగటు కింద మయన్మార్, భూటాన్ శరణార్థులు, గోళ్ల సెలూన్లలో రసాయనాల మధ్య పనిచేసే వియత్నాం, నేపాల్ స్త్రీలు కనిపించకుండా పోతారు. భారతీయులూ పోతారు. కత్రినా తుపాను తర్వాత సిగ్నల్ ఇంటర్నేషనల్ అనే నౌకల మరమ్మతు కంపెనీ సుమారు 500 మంది భారతీయ వెల్డర్లను, పైపు ఫిట్టర్లను మిసిసిపి, టెక్సస్ తీరాలకు రప్పించింది. గ్రీన్‌కార్డు వస్తుందని నమ్మి ఒక్కొక్కరు పది వేల డాలర్లు, అంతకు మించి దళారులకు కట్టారు. ఇరవై నాలుగు మంది ఉండే గదుల్లో పెట్టి, దానికి నెలకు వెయ్యి డాలర్లకు పైగా జీతంలో కోశారు. భారతీయులు కాని కార్మికులను ఆ శిబిరాల్లో పెట్టలేదు. 2008లో ఆ కార్మికులు బయటికొచ్చి వాషింగ్టన్ దాకా తమ గోడు తీసుకెళ్లారు. 2015లో న్యూ ఆర్లియన్స్ జ్యూరీ అయిదుగురికి కలిపి 1.4 కోట్ల డాలర్ల పరిహారం నిర్ణయించింది.

తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లిన విద్యార్థులకు కూడా ఈ అంశంతో దగ్గరి సంబంధం ఉంది. విద్యార్థి వీసా మీద చదువు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని చెయ్యొచ్చు. అప్పు తీర్చాలన్న ఒత్తిడిలో బయట గ్యాస్ స్టేషన్లోనో రెస్టారెంట్లోనో చేతి నగదు మీద పనిచేసేవాడికి చట్టం చెప్పిన రేటు అడిగే నోరుండదు, అడిగితే వీసా పోతుందన్న భయం. అతని స్థితి కాగితాలు లేని మెక్సికన్ కూలీ స్థితికి ఎంతో దూరంలో లేదు. ఆ కొట్లకు యజమానులుగా, ఇళ్లలో ఆయాలను పెట్టుకున్న కుటుంబాలుగా కూడా తెలుగువారున్నారు. కనీస వేతన చట్టం వారి ఇళ్లకూ వర్తిస్తుంది.

ఊరు పెంచితే రాష్ట్రం ఆపింది

ఫెడరల్ కనీస వేతనం 2009 జులై నుంచి గంటకు 7.25 డాలర్లే. ధరలతో సరిచూస్తే దాని విలువ 1968లో ఉన్న 1.60 డాలర్ల కన్నా బాగా తక్కువ. సగానికి పైగా రాష్ట్రాలు సొంతంగా ఎక్కువ పెట్టుకున్నాయి. సొంత కనీస వేతన చట్టమే లేని రాష్ట్రాలు అయిదు: అలబామా, లూసియానా, మిసిసిపి, సౌత్ కరోలినా, టెనెసీ. అయిదూ పాత బానిస రాష్ట్రాలే, అయిదింటిలోనూ నల్లజాతి జనాభా జాతీయ సగటు కన్నా ఎక్కువ. నల్లవారు అత్యధికులైన బర్మింగ్‌హామ్ నగరం 10.10 డాలర్లు చెయ్యబోతే, అలబామా శాసనసభ 2016 ఫిబ్రవరిలో హడావుడిగా చట్టం చేసి ఆపేసింది. కార్మికులు జాతి వివక్ష అని కోర్టుకెక్కారు. 2019లో అప్పీళ్ల కోర్టు పూర్తి ధర్మాసనం, దావా వెయ్యాల్సినవారి మీద వెయ్యలేదన్న కారణంతో కొట్టేసింది.

న్యూయార్క్‌లో 2012 నవంబరులో సుమారు రెండువందల మంది ఫాస్ట్‌ఫుడ్ కార్మికులు 15 డాలర్లు అడుగుతూ పని మానితే అసాధ్యమన్నారు. ఇప్పుడు ఆ రేటు, అంతకు మించి, పలు రాష్ట్రాల్లో చట్టం. కోవిడ్ తర్వాత కార్మికుల కొరతలో అట్టడుగు జీతాలు పై జీతాల కన్నా వేగంగా పెరిగి, నల్ల, తెల్లవారి మధ్య అంతరం కొంత తగ్గింది. పని మారే స్వేచ్ఛ దొరికితే కార్మికుడికి బేరమాడే బలం వస్తుందని అది రుజువు చేసింది. సంఘంలో ఉన్న నల్ల కార్మికులకూ తెల్లవారికీ మధ్య తేడా, సంఘం లేనిచోట కన్నా తక్కువ. నల్ల కార్మికులు మిగతావారికన్నా ఎక్కువ శాతం సంఘాల్లో ఉన్నారు. ఇటు ప్రభుత్వ కాంట్రాక్టర్ల దగ్గర వివక్షను నిషేధిస్తూ లిండన్ జాన్సన్ 1965లో ఇచ్చిన ఉత్తర్వును 2025 జనవరిలో ట్రంప్ రద్దు చేశాడు.

పొలం కూలీలకు కాలిఫోర్నియా 1975లో, ఇంటి పనివాళ్ల హక్కులకు న్యూయార్క్ 2010లో సొంత చట్టాలు తెచ్చుకున్నాయి, మరికొన్ని రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. దేశమంతటికీ వర్తించే 1935 వాగ్నర్ చట్టంలో మాత్రం, పొలంలో పనిచేసేవాడూ ఇంట్లో పనిచేసేవాడూ ‘కార్మికుడు’ కాడన్న నిర్వచనాన్ని కాంగ్రెస్ ఈనాటికీ తొలగించలేదు.